కాయిల్ మీద మంచు, కాటాలో తరుగు

టమాటా ధర పడిపోయిన ప్రతిసారీ పత్తికొండ, మదనపల్లె పేర్లు పత్రికల్లోకి ఎక్కుతాయి. రోడ్డు పక్కన పారబోసిన కాయల ఫొటో, బండి కిరాయి కూడా రాలేదన్న రైతు మాట, ఆదుకుంటామన్న అధికారుల హామీ వరసగా అచ్చవుతాయి. నాలుగు వారాల తర్వాత అదే టమాటా పట్నంలో కొనలేని ధరకు చేరుతుంది. నడుమ మారినది పంట కాదు, పంట చేతిలో ఉన్న మనిషి. కోసిన సరుకును రేపటిదాకా ఆపగలిగినవాడు ధర అడుగుతాడు. ఆపలేనివాడు ఇచ్చింది పుచ్చుకుని ఇంటికి పోతాడు. కూరగాయల రైతు ఎప్పుడూ రెండో వరసలోనే ఉంటున్నాడు.

భారత వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన కోత అనంతర సాంకేతిక సంస్థ 2015లో ఇచ్చిన అధ్యయనం ప్రకారం, కోత నుంచి అమ్మకం దాకా టమాటాలో 12.44 శాతం, జామలో 15.88 శాతం నష్టమవుతోంది. అంటే ప్రతి ఎనిమిది బుట్టల టమాటాలో ఒక బుట్ట ఎవరి నోటికీ అందడం లేదు. ఆ బుట్టకూ దుక్కి దున్నాం, నారు పోశాం, మందు కొట్టాం, కూలి ఇచ్చాం.

కోల్డ్ స్టోరేజీలు లేవా అంటే ఉన్నాయి. దేశంలోని శీతల గిడ్డంగుల్లో పెద్ద భాగం ఆలుగడ్డ కోసం కట్టినవి. మన గుంటూరు గిడ్డంగులు ప్రధానంగా ఎండుమిర్చివి. రెండెకరాల్లో టమాటా, అర ఎకరంలో బెండ, గట్టు మీద నిమ్మ ఉన్న రైతుకు వాటిలో చోటు లేదు. చోటు దొరికినా ముప్పై బాక్సుల సరుకును అరవై కిలోమీటర్లు మోసుకుపోతే మిగిలేదీ లేదు.

ఈ పరిస్థితిలోనే కొందరు రైతులు సొంత దారి వెతుక్కుంటున్నారు. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గది. గోడలకూ కప్పుకూ థర్మాకోల్ లేదా పఫ్ ప్యానెల్. కిటికీలో ఒకటిన్నర టన్నుల విండో ఏసీ. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో కూరగాయలు పండించే రాన్ ఖోస్లా అనే రైతు దాదాపు ఇరవై ఏళ్ళ క్రితం ఈ పద్ధతికి అవసరమైన చిన్న కంట్రోలర్‌ను తయారుచేశారు. కూల్‌బాట్ పేరుతో అది అనేక దేశాలకు చేరింది. పెద్ద కంపెనీ ప్రయోగశాలలో కాక ఒక రైతు అవసరంలోంచి పుట్టిన పరికరం కావడం మనకు సంతోషకరం.

అయితే ఇలాంటి గది కట్టుకున్నవారి నుంచి తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది. మూడు రోజులు బాగా చల్లబడింది, నాలుగో రోజు ఏసీ ముందు చెయ్యి పెడితే గాలే రావడం లేదు, ముందు జాలీ తీసి చూస్తే కాయిల్ మొత్తం ఐస్ గడ్డ. మెకానిక్ వచ్చి గ్యాస్ నింపాలంటాడు. ఇంకొకడు కంప్రెసర్ పోయిందంటాడు. ఆఖరికి గది తలుపు మూసి, ఇదంతా మనవల్ల అయ్యే పని కాదని రైతు అనుకుంటాడు. అలా అనుకోవలసిన పని లేదని చెప్పడానికే ఈ సంపాదకీయం. మంచు ఎందుకు పడుతుందో తెలిస్తే పట్టకుండా చూసుకోవచ్చు.

ఆ మంచు ఎవరి నీరు?

ఏసీని మనుషులు కూర్చునే గది కోసం చేశారు. పదహారు, పద్దెనిమిది డిగ్రీల దగ్గర అది తనంతట తానే ఆగిపోతుంది. కూరగాయలకు అంతకన్నా చల్లదనం కావాలి కాబట్టి ఆ హద్దును దాటించి నడుపుతున్నాం. ఏసీ లోపలి కూలింగ్ కాయిల్ ఎప్పుడూ గదిలోని గాలికన్నా పది డిగ్రీలో, ఇంకా ఎక్కువో చల్లగా ఉంటుంది. గది పన్నెండు, పదమూడు డిగ్రీలకు దిగేసరికి కాయిల్ సున్నా దగ్గరికి వస్తుంది. అక్కడినుంచి గాలిలోని తేమ నీటిబొట్టుగా జారిపోకుండా మంచుగా అంటుకుంటుంది. మంచు రేకుల సందులు మూసేస్తుంది. గాలి తగ్గుతుంది. గాలి తగ్గితే కాయిల్ ఇంకా చల్లబడుతుంది, మంచు ఇంకా పడుతుంది. ఒకసారి మొదలైతే ఇది దానంతట ఆగదు. కాయిల్‌లో ఆవిరి కావలసిన గ్యాస్ ద్రవంగానే వెనక్కి పోయి కంప్రెసర్‌ను దెబ్బతీస్తుంది. ఇటు గది వేడెక్కుతూ ఉంటుంది, అటు మీటరు తిరుగుతూ ఉంటుంది.

ఆ తేమ రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి బయటి గాలి. ముప్పై అయిదు డిగ్రీల ఎండలో, అరవై శాతం తేమ ఉన్న రోజున ఘనపు మీటరు గాలిలో దాదాపు 24 గ్రాముల నీరుంటుంది. పన్నెండు డిగ్రీల గాలి పట్టుకోగలిగింది పది, పదకొండు గ్రాములే. ఎనిమిది అడుగుల ఎత్తున్న పది బై పది గదిలో గాలి ఒకసారి పూర్తిగా మారితే పావు లీటరుకు పైగా నీరు లోపల వదిలేసినట్టు. బాక్సులు మోసేటప్పుడు తలుపు బార్లా తెరిచి ఉంచితే ఎన్నిసార్లు గాలి మారుతుందో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు.

రెండోది మన సరుకే. కాయిల్ ఎంత చల్లగా ఉంటే గదిలో గాలి అంత పొడిబారుతుంది. పొడిగాలి బెండకాయలోంచి, వంకాయలోంచి, ఆకుకూరలోంచి నీరు లాగుతుంది. ఆ నీరే కాయిల్ మీద మంచవుతుంది. కాయిల్ నుంచి కరిగి కారే లీటరు నీటిలో కాయల నుంచి వచ్చిన వాటా ఎంత ఉందో అంత బరువు కాటా మీద తగ్గినట్టే. మండీలో తరుగు తీసేవాళ్ళతో ఏళ్ళ తరబడి పోరాడుతున్న మనం, సొంత గదిలోనే తరుగు పెట్టుకోవడం తగదు.

పంట అడిగినంతే చల్లదనం

మంచు సమస్యల్లో సగం అవసరానికి మించి చల్లబరచడం వల్లే వస్తాయి. కోల్డ్ స్టోరేజీ అనగానే నాలుగు డిగ్రీలు అనుకోవడం మనలో పాతుకుపోయింది. మన పంటల్లో చాలావాటికి ఆ చలి హాని చేస్తుంది. దోరగా కోసిన టమాటాకు 12, 13 డిగ్రీలు చాలు. పది కన్నా దిగితే బయటికి తీశాక సరిగా రంగు తిరగదు, మచ్చలు పడి మెత్తబడుతుంది. అరటికి 13, 14. అంతకన్నా దిగితే తొక్క నల్లబడుతుంది. పచ్చి మామిడికి 12, 13. వంకాయకు 10 నుంచి 12. నిమ్మకు 9, 10. బెండకూ పచ్చిమిర్చికీ 7 నుంచి 10. బీన్స్‌కు 5 నుంచి 7. క్యారెట్, క్యాబేజీ, ఆకుకూరలు సున్నా దగ్గర బాగా నిలుస్తాయి కానీ విండో ఏసీ గదిని అక్కడిదాకా తోలడం మంచిది కాదు. నాలుగైదు డిగ్రీలతోనే సరిపెట్టుకోవాలి.

దీన్నిబట్టి ఒక సంగతి తేలుతుంది. టమాటా, మామిడి, అరటి, వంగ పండించే మన జిల్లాల్లో గదిని పన్నెండు, పదమూడు దగ్గర ఉంచితే మంచు బెడద చాలావరకు తగ్గిపోతుంది. కాస్త పట్టినా ఆ గది గాలికే కొద్ది నిమిషాల్లో కరుగుతుంది. నాలుగు డిగ్రీల గదిలో కరగడానికి చాలాసేపు పడుతుంది, ఆలోపు సరుకు వేడెక్కుతుంది. ఏ పంటకు ఎంత చల్లదనమో కాగితం మీద రాసి గది తలుపుకు అంటించుకోవాలి. అరటి, పండిన మామిడి పక్కన ఆకుకూరలు పెట్టకూడదు. పండ్లు వదిలే వాయువుకు ఆకు త్వరగా పసుపెక్కుతుంది.

రెండు సెన్సర్లు, ఆగని ఫ్యాన్

హద్దు దాటించి ఏసీని నడిపేటప్పుడు రెండు చోట్ల కాపలా ఉండాలి. ఒక సెన్సర్ గదిలో వేలాడుతూ సరుకు దగ్గరి చల్లదనాన్ని చూస్తుంది. రెండోది కాయిల్ అల్యూమినియం రేకుల మధ్య దూర్చి పెట్టాలి. మంచు మొదట ఎక్కడ పడుతుందో ఒకరోజు గమనించి, సరిగ్గా అక్కడే పెట్టాలి. కాయిల్ సున్నాకు దిగగానే ఈ రెండో సెన్సర్ కంప్రెసర్‌ను ఆపాలి, నాలుగైదు డిగ్రీలకు చేరాక మళ్ళీ వేయాలి. ఫ్యాన్ మాత్రం ఎప్పుడూ ఆగకూడదు. కంప్రెసర్ ఆగిన కొద్ది నిమిషాల్లో గది గాలే మంచును కరిగిస్తుంది. కూల్‌బాట్ లాంటి పరికరాలు చేసే పని ఇదే. ఏసీ సొంత సెన్సర్‌కు చిన్న హీటరు తగిలించి గది ఇంకా వేడిగా ఉందని దాన్ని నమ్మిస్తాయి, కాయిల్‌కు మంచు పట్టబోతుంటే ఆ హీటరును ఆపేస్తాయి.

విడిగా దొరికే డిజిటల్ టెంపరేచర్ కంట్రోలర్లు రెండు తెచ్చి కూడా ఈ ఏర్పాటు చేయించుకోవచ్చు. ఇక్కడ రెండు జాగ్రత్తలు ముఖ్యం. ఆ కంట్రోలర్‌లోని చిన్న రిలే ద్వారా కంప్రెసర్‌ను నేరుగా నడిపిస్తే, మొదలయ్యేటప్పటి కరెంటుకు రిలే మాడిపోతుంది. నడుమ కాంటాక్టర్ పెట్టించాలి. కంప్రెసర్ ఆగాక మళ్ళీ మొదలవడానికి కనీసం మూడు నిమిషాల ఆలస్యం ఉండేలా అమర్చాలి. ఈ పనులు తెలిసిన మెకానిక్‌తోనే చేయించాలి. సరైన ఎర్తింగు, విడిగా ఎంసీబీ, లో ఓల్టేజీ ఉండే ఊళ్ళలో స్టెబిలైజర్ తప్పనిసరి. లోపల వైరు మారిస్తే కంపెనీ వారంటీ పోతుందని ముందే తెలుసుకుని దిగాలి. ఇన్వర్టర్ ఏసీల సర్క్యూట్ బోర్డుతో ఇలాంటి మార్పులు కష్టం. ఒకే వేగంతో నడిచే మామూలు ఏసీయే ఈ పనికి అనువైనది. కరెంటు పోయి వచ్చినప్పుడు దానంతట అది తిరిగి నడుస్తుందో లేదో కొనేముందే చూసుకోవాలి.

ఖర్చు లేని జాగ్రత్తలు

మిగిలినవి రోజువారీ పనులు. ఫ్యాన్ ఎప్పుడూ పెద్ద వేగం మీదే ఉండాలి. ఫిల్టర్‌ను వారం, పది రోజులకొకసారి కడిగి ఆరబెట్టాలి. దుమ్ము పట్టిన ఫిల్టర్ ఒక్కటే చాలు, మంచి ఏసీ కూడా గడ్డకట్టడానికి. విండో ఏసీకి బయటిగాలి కోసం ఒక చిన్న మీట ఉంటుంది, దాన్ని మూసే ఉంచాలి. ఏసీ చుట్టూ సందులు ఫోమ్‌తో మూయాలి. ఏసీ కొంచెం బయటివైపు వాలి ఉంటే నీరు లోపల నిలవదు. బాక్సులను గోడకు ఆనించకుండా జానెడు దూరంలో పేర్చాలి. ఏసీ ముందు రెండడుగుల ఖాళీ వదలాలి. తలుపుకు ప్లాస్టిక్ పట్టీల పరదా వేలాడదీస్తే మనిషి లోపలికీ బయటికీ తిరుగుతున్నా చల్లగాలి నిలుస్తుంది.

తడి సరుకును లోపల పెట్టకూడదు. కడిగితే ఆరనిచ్చి పెట్టాలి. గోడల ఇన్సులేషన్‌కు బయటివైపు, అంటే వేడి తగిలే వైపు, సందు లేకుండా పాలిథీన్ పట్టా వేయించాలి. లేకపోతే వానాకాలంలో తేమ గోడలోంచే ఊరుతూ వస్తుంది. నేలకు కూడా ఇన్సులేషన్ కావాలన్న మాట చాలామంది మరిచిపోతారు.

ఎంత సరుకు, ఏ వేళ పెడుతున్నామన్నది అన్నిటికన్నా ముఖ్యం. మిట్ట మధ్యాహ్నం 35 డిగ్రీల వేడిలో ఉన్న 500 కిలోల టమాటాను 13 డిగ్రీలకు దించాలంటే, దాని నుంచి సుమారు 12 యూనిట్లతో సమానమైన వేడిని లాగాలి. ఒకటిన్నర టన్నుల ఏసీకి అది మూడు, నాలుగు గంటల ఏకధాటి పని. గోడల నుంచి, తలుపు నుంచి వచ్చే వేడి దీనికి అదనం. అదే కాయను తెల్లవారుజామున 25 డిగ్రీల దగ్గర కోసి, నీడలో ఉంచి, ఎండెక్కకముందే లోపల పెడితే ఆ పని దాదాపు సగానికి తగ్గుతుంది. ఒక్కరోజే రెండు టన్నులు కుక్కితే ఏసీ రాత్రీ పగలూ ఆగకుండా నడుస్తుంది, మంచు కరిగే వ్యవధి దొరకదు.

ఇన్ని చేసినా గడ్డకడితే కంప్రెసర్ ఆపి ఫ్యాన్ ఒక్కటే నడపండి. కత్తితోనో స్క్రూడ్రైవర్‌తోనో గీకవద్దు. కాయిల్‌కు చిల్లు పడితే గ్యాస్ మొత్తం పోతుంది. ఇప్పటి ఏసీల్లో వాడే గ్యాసులు కొన్ని అంటుకునే గుణం ఉన్నవి కూడా. ఫిల్టర్ శుభ్రంగా ఉండి, ఫ్యాన్ బాగా తిరుగుతూ, కాయిల్‌లో ఒక మూల మాత్రమే మంచు పడుతుంటే అప్పుడు గ్యాస్ తగ్గిందేమోనని అనుమానించాలి. ఈ తేడా తెలిస్తే అనవసరంగా గ్యాస్ నింపించుకునే ఖర్చు తప్పుతుంది.

గది మనది, బాధ్యత ప్రభుత్వాలది కూడా

ఇంతవరకు రైతు చేసుకోగలిగినవి చెప్పాం. రైతు ఒక్కడివల్లా కానివి కూడా ఉన్నాయి.

సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్ 2014 మార్గదర్శకాల్లో ‘స్టేజింగ్ కోల్డ్ రూమ్’ అంటే 30 టన్నులు. దానికి 15 లక్షల ఖర్చు, మైదాన ప్రాంతాల్లో 35 శాతం సబ్సిడీగా లెక్క కట్టారు. వారానికి ఒకటి రెండు టన్నులు కోసే రైతు అంత గది ఏం చేసుకుంటాడు? మిగతా దాదాపు పది లక్షలు ఎక్కడి నుంచి తెస్తాడు? 2020లో కేంద్రం లక్ష కోట్ల రూపాయలతో వ్యవసాయ మౌలిక వసతుల నిధి ప్రకటించింది. రెండు కోట్ల వరకు రుణంపై ఏడేళ్ళపాటు 3 శాతం వడ్డీ రాయితీ ఇస్తామంది. రెండు కోట్ల అప్పు అడిగేవాడికి తెరిచిన తలుపు రెండు లక్షలు అడిగే చిన్న రైతుకూ, కౌలు రైతుకూ తెరవాలి.

కరెంటు సంగతి మరీ విచిత్రం. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు అన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో పగటిపూట 9 గంటలు అంటున్నారు. అవి పంపుసెట్లకు. కోత గదికి ఆ కనెక్షన్ వాడకూడదు, వాడమని మేమూ చెప్పం. మా ప్రశ్న వేరు. నీరు పెట్టి పండించడం వ్యవసాయమైతే, పండిన పంటను కుళ్ళకుండా కాపాడుకోవడం ఎందుకు కాకూడదు? రైతు పొలంలోనో, ఊళ్ళోనో నడిపే చిన్న శీతల గదికి వ్యవసాయ టారిఫ్ వర్తింపజేయాలి. రోజంతా నిలకడైన ఓల్టేజీ ఇవ్వాలి. మాటిమాటికీ పోయే కరెంటు కంప్రెసర్‌కు మంచుకన్నా పెద్ద శత్రువు.

కాబట్టి మేము అడుగుతున్నవి ఇవి. రెండు నుంచి అయిదు టన్నుల గదులకు సగం సబ్సిడీ ఇవ్వాలి, కౌలు రైతులకూ మహిళా సంఘాలకూ అందులో ముందు వరస ఉండాలి. ప్రతి కృషి విజ్ఞాన కేంద్రంలో ఇలాంటి గది ఒకటి నడుపుతూ రైతులకు చూపించాలి. ఊళ్ళలోని ఏసీ మెకానిక్ కుర్రాళ్ళకు ఈ పనిలో శిక్షణ ఇవ్వాలి. చిన్న శీతల గదులను వ్యవసాయ టారిఫ్ కిందికి తేవాలి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ గది రైతుకు వారం, పది రోజుల గడువు ఇస్తుంది. ధర ఇవ్వదు. దేశమంతటా పంట ఒక్కసారే దిగినప్పుడు పది రోజులు ఆగినా ధర లేవకపోవచ్చు. కేరళ ప్రభుత్వం 2020 అక్టోబరులో పదహారు కూరగాయలకు, సాగు ఖర్చుపై ఇరవై శాతం కలిపి కనీస ధర ప్రకటించింది. అలాంటి హామీ మన రెండు రాష్ట్రాల్లోనూ రావాలన్న డిమాండు అలాగే ఉంది. చల్లగది చూపించి గిట్టుబాటు ధర అడగొద్దనేవాళ్ళను నమ్మవద్దు.

అయినా ఆ గడువు చిన్నది కాదు. సాయంత్రం బండి ఎక్కించకపోతే పొద్దున్నకు కుళ్ళుతుందన్న భయం పోతే, దళారి ముందు రైతు గొంతు మారుతుంది. ఒక్కొక్కరు ఒక్కో గది కట్టడంకన్నా నలుగురైదుగురు కలిసి ఒకటి కట్టుకుని, కోత రోజులు పంచుకుని, ఎవరి సరుకు ఎప్పుడు పెట్టారో పుస్తకంలో రాసుకుంటే ఖర్చూ తగ్గుతుంది, ఏసీకీ ఊపిరాడుతుంది. మన గ్రామ శాఖలు ఈ రబీ కూరగాయలు దిగేలోపు సమావేశమై, మీ ఊరి పంటలేవి, వాటికి ఎన్ని డిగ్రీలు కావాలి, గది ఎక్కడ, కరెంటు ఎలా అన్న నాలుగు ప్రశ్నలు చర్చించండి. ఇప్పటికే గది నడుపుతున్న సభ్యులు మంచు విషయంలో తమ అనుభవాలు రాసి పంపండి. వాటిని ఈ పత్రికలో వేస్తాం.